దాళ్వా, యాసంగి

గోదావరి డెల్టా రైతుకు వరిలో తొలిపంట సార్వా, మలిపంట దాళ్వా. తెలంగాణ రైతుకు వానకాలం, యాసంగి. ఈ జంటల్లో ఒకటి మీకు పుట్టింటి మాటే అయి ఉంటుంది. నాకు రెండూ ఇష్టం.

యాసంగి అంటే వేసంగే. వేప యాప అయినట్టే వేసంగి యాసంగి అయింది. కానీ ఆ నాట్లు పడేది చలిలో. పొద్దున్నే మడిలో దిగి కాళ్లు కొంకర్లు పోతున్న ఆడకూలీకి ఆ పేరులోని ఎండ ఎక్కడ కనిపిస్తుంది? కోతల్లో. మొదటి పంటకు నాటే కాలం పేరు పెట్టిన రైతే, రెండోదానికి కోసే కాలం పేరు పెట్టుకున్నాడు.

దాళ్వా అనగానే మాత్రం ఎండ కాదు, కాలువ గుర్తొస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ డెల్టా సేద్యం కాలువతోనే ముడిపడింది. మలిపంట నాటికి గోదావరి సన్నబడుతుంది, సీలేరు నుంచి వచ్చే నీళ్లే దిక్కవుతాయి, వంతులు మొదలవుతాయి. శివారు రైతు "దాళ్వాకి నీళ్లిస్తారా?" అని అడుగుతాడు. అలాగే యాసంగి రైతూ నీళ్ల గురించే అడుగుతాడు, కాకపోతే తన బావినో బోరునో చెరువునో చూసుకుంటూ.

అక్కడ డెల్టాలో ఆకు తీసి ఊడ్పులు ఊడిస్తే, ఇక్కడ తెలంగాణలో నారు పీకి నాట్లేస్తారు. అక్కడ ధాన్యం, ఇక్కడ వడ్లు. ఇలాంటి మాటల్ని జిల్లా జిల్లా తిరిగి సేకరించారు కాబట్టే, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం, వ్యవసాయ పదాలది, నాకు అంత ప్రియమైనది.

ఇక ఖరీఫ్, రబీ. బ్యాంకు కాగితాల మీది మాటలని వాటిని చిన్నచూపు చూస్తాం. తెలంగాణ ప్రభుత్వం వాటి బదులు వానకాలం, యాసంగి అని రాయడం నాకు నిండు సంతోషం. అయితే అరబ్బీలో ఖరీఫ్ అంటే శరత్తు, రబీ అంటే వసంతం. రెండూ పంట ఇంటికొచ్చే కాలాలే. ఆ లెక్కన రబీ యాసంగికి దూరపు చుట్టం.

ఇన్ని తేడాలూ వరి ఎదిగేదాకానే. ఆ తర్వాత అమలాపురంలోనూ కరీంనగర్‌లోనూ వరి పొట్టకొస్తుంది, ఈనుతుంది, పాలు పోసుకుంటుంది. సరిగ్గా అప్పుడే నీళ్లు వెనకపడతాయి. కాలువ గట్టు మీద ఒకరు, బోరు మోటారు దగ్గర ఒకరు, చివరి తడి కోసం రాత్రంతా మేలుకుంటారు.