ట్రే తెచ్చిన అమ్మాయి

లండన్ సోహో ప్రాంతంలో, ఫ్రిత్ వీధి 6వ నంబరు ఇంట్లో వ్యాసకర్త విలియం హాజ్లిట్ చనిపోయాడు. 1830 సెప్టెంబర్ 18న, అద్దె గదిలో, యాభై రెండేళ్ల వయసులో, అప్పులతో, కడుపు జబ్బుతో. 1986 నుంచి ఆ ఇల్లూ, దాన్ని ఆనుకుని ఉన్న ఇళ్లూ కలిసి ‘హాజ్లిట్స్’ అనే హోటల్ అయ్యాయి. ఒక సదస్సు కోసం వెళ్లినప్పుడు అక్కడ రెండు రాత్రులు ఉన్నాను. ఎమ్మేలో ఆయన వ్యాసాలు చదివి, తర్వాత ఇరవై ఏళ్లు అవే పాఠాలు చెప్పినదాన్ని. అద్దె ఎక్కువే అయినా ఆశ ఆపుకోలేకపోయాను.

1718 నాటి ఇల్లు. నేల ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, మెట్లు కిర్రుమంటాయి. నాలుగు కోళ్ల పందిరి మంచాలు, పులిగోళ్ల కాళ్లున్న స్నానపు తొట్లు. గదులకి పాతకాలపు మనుషుల పేర్లు. కింద లైబ్రరీలో, అక్కడ దిగిన రచయితలు సంతకాలు చేసి ఇచ్చిన పుస్తకాలు. అమెరికన్ రచయిత బిల్ బ్రైసన్ 1995లో ఇంగ్లండు గురించి రాసిన యాత్రా పుస్తకంలో ఈ హోటల్ గురించి మురిపెంగా రాశాడు. మురిపెం నాకూ కలిగింది, కాదనను. కానీ పాత ఇంటిని ఇలా అందంగా సర్దినప్పుడు చరిత్రని కూడా ఊడ్చి, తుడిచి, సర్దుతారు. పేదరికం ‘వాతావరణం’ అయిపోతుంది. అద్దె బాకీ ఉన్న మనిషి ఆ ఇంటికే పేరవుతాడు. ఇల్లు నడిపిన మనిషి మాత్రం ఒక హాస్య కథ దగ్గర ఆగిపోతుంది.

ఆ కథ ఇది. హాజ్లిట్ పోయిన తర్వాత ఇంటి యజమానురాలు శవాన్ని మంచం కిందికి తోసేసి, గది చూడ్డానికి వచ్చినవాళ్లకి గది చూపించిందట. ‘అట’ అని చెప్పుకునే కథే. నిజమైనా కాకపోయినా, చెప్పేవాళ్లందరూ నవ్వుతూనే చెబుతారు. ప్రతిభావంతుడి శవం ముందు పిసినారి ముసలమ్మ! ఎవరూ ఆమె లెక్క వేసి చూడరు. గదులు అద్దెకివ్వడం అప్పటి స్త్రీలకి మర్యాద పోకుండా దొరికే కొద్దిపాటి జీవనోపాధుల్లో ఒకటి. ఖాళీగా ఉన్న గది అంటే ఆ వారం రాని డబ్బు. చివరి నెలల్లో హాజ్లిట్ చేతిలో డబ్బు లేదన్నది జీవిత చరిత్రకారులందరూ ఒప్పుకునే విషయమే. బాకీ పడ్డవాడికి సానుభూతి దక్కింది, బాకీ రావాల్సినదానికి వెక్కిరింత దక్కింది.

మేం క్లాసులో చెప్పే హాజ్లిట్ వేరు. 1822 జనవరిలో అచ్చయిన ‘ఆన్ గోయింగ్ ఎ జర్నీ’ వ్యాసంలో ఒంటరి ప్రయాణాన్నీ, దారిలో సత్రపు గదినీ అపురూపంగా వర్ణిస్తాడు. పేరు బరువు దించుకుని, ఎవరికీ ఏమీ కాకుండా, రాత్రి భోజనం ఖర్చు తప్ప ప్రపంచానికి ఏమీ బాకీ లేకుండా ఉండగలగడమే సత్రం ఇచ్చే స్వేచ్ఛ అంటాడు. పాఠం చెప్పిన ప్రతి ఏడూ ఇక్కడికి రాగానే వెనక బెంచీల్లో ఆడపిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. మన ఊళ్లలో ఒంటరిగా లాడ్జికి వెళ్లి గది అడిగిన స్త్రీని పేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, ఎవరి తాలూకు అంటారు, వెంట ఎవరూ రాలేదా అంటారు. పేరు దించుకోవడం ఆమెకి కుదిరే పని కాదు.

కానీ నా పేచీ అక్కడితో ఆగదు. ఈ వ్యాసం అచ్చయ్యేనాటికి హాజ్లిట్ ఉంటున్నది సౌతాంప్టన్ బిల్డింగ్స్‌లో, వాకర్ అనే దర్జీ కుటుంబం నడిపే అద్దె ఇంట్లో. 1820 ఆగస్టులో అక్కడ దిగాడు. నలభై రెండేళ్లవాడు, పెళ్లయినవాడు, భార్యకి దూరంగా ఉంటున్నాడు. ఆ ఇంటి అమ్మాయి సారా వాకర్ ఇంకా ఇరవై నిండనిది. పొద్దున్నే ఆయన గదికి ఫలహారం ట్రే తెచ్చేది. ఆమె మీద పుట్టిన వ్యామోహాన్ని ఆయన 1823లో పేరు పెట్టకుండా పుస్తకంగా వేశాడు: ‘లిబర్ అమోరిస్, ఆర్ ది న్యూ పిగ్మాలియన్’. పిగ్మాలియన్ తాను చెక్కిన బొమ్మనే ప్రేమించిన శిల్పి. అందులో ఆమె పేరు ‘ఎస్’ మాత్రమే. సత్రంలో పేరు లేకపోవడం ఆయన కోరి తెచ్చుకున్న సుఖం. పుస్తకంలో పేరు లేకపోవడం ఆమెని అడక్కుండా జరిగింది. ఆ చాటు కూడా నిలవలేదు. రచయిత ఎవరో త్వరలోనే అందరికీ తెలిసిపోయింది, ఆయన రాజకీయ శత్రువులు పత్రికల్లో చీల్చి చెండాడారు. ఆ గొడవలో ఆమె పరువు ఎవరికీ లెక్కలోకి రాలేదు.

నిజాయితీ గల ఆత్మనివేదన అని ఈ పుస్తకాన్ని మెచ్చుకునే విమర్శకులున్నారు. నేను దాన్ని పనిచోట ఉన్న ఒక అమ్మాయి గురించిన పత్రంగా చదువుతాను. మొదటి భాగం సంభాషణలు. ఆయన పేజీలకి పేజీలు మాట్లాడతాడు, ఆమె ఒక ముక్క అంటుంది. ప్రేమ లేదు, స్నేహం తప్ప ఇంకేమీ ఇవ్వలేను అని ఒకసారి కాదు, పదేపదే చెబుతుంది. ఆమె ఒళ్లో కూర్చుందని, ముద్దులు పెట్టనిచ్చిందని ఆయన లెక్క రాసుకుంటాడు. అవి సమ్మతి అని నమ్ముతాడు, మాటలు మాత్రం నమ్మడు. ఆమె ఆ గదిలోంచి వెళ్లిపోవచ్చు, కానీ మర్నాడు పొద్దున్న మళ్లీ ట్రే పట్టుకుని రావాలి. అద్దెకున్నవాడిని నొప్పించకూడదు. తల్లిదండ్రుల బతుకు ఆ గదుల మీదే. పైగా వాళ్లక్కకి అలా అద్దెకి దిగిన లాయరుతోనే పెళ్లయింది కాబట్టి ఇంట్లో లెక్కలేవో ఉండే ఉంటాయి. ఆ అమ్మాయి అమాయకురాలని నేననడం లేదు. అమాయకురాలు కావాల్సిన అవసరమూ లేదు.

ఆయన ఆమెకి నెపోలియన్ కంచు బొమ్మ ఒకటి ఇస్తాడు. ఆ పోలిక ఆమె ఇదివరకు ఇష్టపడ్డ మనిషిదట. కోపం వచ్చిన రోజు దాన్ని నేలకేసి కొట్టి ముక్కలు చేస్తాడు. తర్వాత బాగుచేయించి తెచ్చేది ఆమే. ప్రేమకి ఋజువుగా ఆయన చదువుకున్న ఈ సంగతి నాకు మాత్రం ఇంటిపనిలో భాగంగానే కనిపిస్తుంది. మగవాళ్లు విరగ్గొట్టినవి ఏరి, అతికించి, యథాస్థానంలో పెట్టడం. 1823 మార్చిలో ఆయన చేయించిన పని ఇంకా హీనం. ఆమె శీలాన్ని పరీక్షించడానికి తన స్నేహితుడొకణ్ణి అదే ఇంట్లో అద్దెకి దింపి, అతను చెప్పిందంతా డైరీలో రాసుకున్నాడు. స్వేచ్ఛ గురించి అంత గొప్పగా రాసిన మనిషి!

భార్య సారా స్టొడార్ట్ కథ కూడా గదుల కథే. ఇంగ్లండులో విడాకులంటే పార్లమెంటు చట్టం కావాలి. స్కాట్లండులో భర్త వ్యభిచారం ఋజువైతే భార్య కోర్టుకెక్కవచ్చు. అందుకని 1822లో ఇద్దరూ ఎడింబరో వెళ్లారు. ఋజువు కోసం ఆయన వేశ్యాగృహానికి వెళ్లాడు. కుమ్మక్కు లేదని ఆమె కోర్టులో ప్రమాణం చేయాలి. చేసింది. ఆ నెలల్లో ఆమె డైరీ రాసింది: ఏం తిన్నది, ఎంత ఖర్చయింది, ఎన్ని మైళ్లు నడిచింది. ఒక్కతే స్కాట్లండు కొండదారుల్లో నడుస్తూ దొరికినచోట పడుకుంది. ఒంటరి నడక గురించి భర్త వ్యాసం అచ్చయిన ఏడాదే ఇది. ఆయన వ్యాసాన్ని మనం తరతరాలుగా పాఠంగా చదువుతున్నాం. ఆమె డైరీ 1959 దాకా పుస్తకంగా రాలేదు. ఆ డైరీలో శైలి లేదంటారు. నాకు నచ్చింది అదే.

1929లో వర్జీనియా వూల్ఫ్ రాసే స్త్రీకి సొంత గది, డబ్బు కావాలంది. ఆ మాట మీద మనం ఎన్నో సభలు జరిపాం. హాజ్లిట్‌కి సొంత గది లేదు, డబ్బూ లేదు. అయినా రాయగలిగాడు, ఎందుకంటే ఆయన దిగిన ప్రతి గదికీ ఊడ్చేవాళ్లూ ట్రే తెచ్చేవాళ్లూ ఉన్నారు. ఫ్రిత్ వీధిలో నాకూ ఫలహారం గదికే వచ్చింది. తెచ్చిన అమ్మాయి టేబుల్ మీద నా కాగితాలు జరిపి, ట్రే పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్లింది. కాఫీ వేడిగా ఉంది. ఆ పూట పేపరు మీద నేను చేసిన దిద్దుబాట్లు బాగానే కుదిరాయి.

సారా వాకర్ తర్వాత టామ్‌కిన్స్ అనే మరో అద్దెదారుడితో, పెళ్లి లేకుండానే, కలిసి బతికింది. ఆమె తన కథ రాసుకోలేదు. 2000లో ఐరిష్ రచయిత్రి ఆన్ హవర్టీ ‘ది ఫార్ సైడ్ ఆఫ్ ఎ కిస్’ నవలలో ఆమెకి గొంతు ఇచ్చింది. మంచి పనే. కానీ ఆమె అసలు గొంతు లీలగా వినిపించే చోటు ఒకటి హాజ్లిట్ ఉత్తరాల్లోనే ఉంది. ఒకరోజు ఆయన చాటుగా నిలబడి, వాకర్ల ఇంట్లోవాళ్లు తమలో తాము మాట్లాడుకుంటుంటే విన్నాడు. తల్లీ పిల్లలూ కలిసి అద్దెకున్నవాళ్ల ఒంటి సంగతుల మీద మోటు హాస్యాలాడుకుని పగలబడి నవ్వుకుంటున్నారు. దేవత అనుకున్న అమ్మాయి అక్కడ ఉందని ఆయన గుండె పగిలి మిత్రుడికి ఉత్తరం రాశాడు. పైగదిలో ఆయన ఎదుట ముక్తసరిగా మాట్లాడే పిల్ల, కింద తనవాళ్ల మధ్య కూర్చుని ఆ పైగదుల వాళ్లని చూసి నవ్వుతోంది.