ఫ్యాన్ ఫిక్షన్‌లో స్త్రీ పాత్ర: ప్రాతినిధ్యం – రసాస్వాదం

ప్రస్తావన

ప్రసిద్ధమైన ఒక కథలోని పాత్రలనూ లోకాన్నీ స్వీకరించి, ఆ కథను ప్రేమించిన పాఠకులే రాసుకునే కొత్త కథలను ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నారు. ఇది ప్రధానంగా ఆనందం కోసం సాగే రచన. రాసేవారిలో స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉన్నా, కథల్లో కేంద్రస్థానం తరచుగా పురుష పాత్రలకే దక్కుతోందన్న విమర్శ ఉంది. ఇష్టంతో రాసుకునే కథ ఎవరికి లెక్క అప్పజెప్పాలన్న ఎదురు ప్రశ్నా ఉంది. ప్రాతినిధ్యాన్ని కర్తవ్యంగానూ, ఆనందాన్ని స్వేచ్ఛగానూ భావించి, రెండింటినీ త్రాసులో తూచడం ఈ చర్చలో అలవాటుగా మారింది. ఆ తూకం ఎంతవరకు సరైనదో స్టార్ ట్రెక్ అభిమాన రచనల ఆధారంగానూ, తెలుగు స్త్రీల రామాయణపు పాటల వెలుగులోనూ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మూలకథలోని కొరత

స్టార్ ట్రెక్ ధారావాహిక అమెరికా టెలివిజన్‌లో 1966 నుంచి 1969 వరకు ప్రసారమైంది. తొలుత చిత్రించిన నమూనా భాగంలో నౌకాధిపతి తరువాతి స్థానం ఒక స్త్రీది. ప్రసారమైన ధారావాహికలో ఆ పాత్ర లేదు. దాన్ని ధరించిన మేజెల్ బారెట్ నర్సు పాత్రలో కనిపించారు. సమాచార విభాగం అధికారిణిగా ఉహురా ఉన్నా, కథను నడిపే నిర్ణయాలూ అంతస్సంఘర్షణా ఎక్కువగా కర్క్, స్పాక్‌లవే. 1967 నాటి ‘స్పాకనేలియా’ మొదలుకొని అభిమాన పత్రికల్లో రాసిన స్త్రీలకు అందిన కథావస్తువు ఇది.

నిండుగా రూపొందిన పాత్రను కొనసాగించడం కంటే, సగం గీసి వదిలేసిన పాత్రను పూరించడం కష్టం. కాబట్టి ఈ రచయిత్రులు పురుష పాత్రల వైపు మొగ్గడాన్ని స్త్రీద్వేషంగా కొట్టివేయడం తొందరపాటు. కర్క్, స్పాక్‌ల మధ్య ప్రేమను ఊహించిన కథలపై 1985లో వ్యాసం రాసిన జోఆనా రస్, వాటిలో స్త్రీల కోరికలే మారురూపంలో ఉన్నాయని గుర్తించారు. అయితే ఈ వివరణతో సమస్య తీరదు. స్త్రీ కోరిక వ్యక్తం కావడానికి కథలోని స్త్రీ తప్పుకోవలసి రావడమే ఇక్కడ ఆలోచించవలసిన విషయం.

‘మేరీ స్యూ’ ముద్ర

పౌలా స్మిత్ 1973లో ‘మెనాజరీ’ పత్రికలో రాసిన చిన్న వ్యంగ్యకథలో మేరీ స్యూ అనే పదిహేనున్నరేళ్ల అమ్మాయి నౌకలో అధికారిణిగా అడుగుపెడుతుంది. ఆమెకు రాని విద్య లేదు, ఆమెను మెచ్చని వారు లేరు. నాటి కథల్లో పదే పదే ఎదురవుతున్న ఆత్మస్తుతిని ఎత్తిచూపిన ఆ వ్యంగ్యం న్యాయమైనదే. కానీ క్రమేణా ఆ పేరు కొత్త స్త్రీ పాత్రలన్నిటి మీదా వేలాడే ముద్రగా మారింది. దానికి భయపడి కొందరు రచయిత్రులు స్త్రీ పాత్రలనే మానుకున్నారని కామిల్ బేకన్-స్మిత్ 1992 నాటి తన గ్రంథంలో నమోదు చేశారు.

ప్రాతినిధ్యం కోసమే నిర్మించిన ఆదర్శ వనిత కూడా ఒక విధంగా మేరీ స్యూకు తోబుట్టువే. మొదటిది రచయిత్రి మురిపెం నుంచి, రెండవది రచయిత్రి జంకు నుంచి పుట్టాయి. పొరపాటు చేయడానికీ, అలగడానికీ, అసూయపడడానికీ ఇద్దరికీ అవకాశం లేదు. కథలో స్త్రీలు ఎందరున్నారన్న లెక్క ఈ లోపాన్ని పట్టుకోలేదు.

స్త్రీల పాటల సాక్ష్యం

తెలుగు స్త్రీల రామాయణపు పాటలు ఈ సందర్భంలో విలువైన సాక్ష్యం. రామకథ అందరి ఉమ్మడి సొత్తు. స్టార్ ట్రెక్ ఒక సంస్థ హక్కుల్లో ఉన్న కథ. ఈ భేదాన్ని విస్మరించరాదు. అయినా ప్రేమించిన కథలోని ఖాళీలను తమకు ఇష్టమైన రీతిలో పూరించుకోవడం రెండింటికీ సమానం. ‘ఊర్మిళాదేవి నిద్ర’లో పద్నాలుగేళ్ల తరువాత వచ్చిన భర్తను పోల్చుకోలేక, ఊర్మిళ పరపురుషుడనుకొని మందలిస్తుంది. ‘సీత గడియ’లో పనులు ముగించుకొని ఆలస్యంగా వచ్చిన సీతకు రాముడు తలుపు తీయడు, కౌసల్య కొడుకును కోప్పడుతుంది. ఇక్కడ స్త్రీ పాత్రల ప్రాముఖ్యం పాడేవారి వినోదంలోంచే వచ్చింది. దేవుడు అత్తవారింటి మగవాడై తల్లి చేత చీవాట్లు తినడంలోని హాస్యమే విమర్శ కూడా.

అయితే ఆనందం ఎల్లప్పుడూ అందరినీ కలుపుకొనిపోతుందని చెప్పలేము. అగ్రవర్ణ స్త్రీల పాటలకూ, ఇతర కులాల స్త్రీల పాటలకూ దృష్టిలో తేడా ఉన్నట్లు వెల్చేరు నారాయణరావు 1991లో ప్రచురితమైన వ్యాసంలో చూపారు. ఒకరి వినోదంలో మరొకరి అనుభవానికి చోటు దొరకకపోవచ్చు. ప్రాతినిధ్యాన్ని గురించిన ప్రశ్న అవసరమయ్యేది ఇక్కడే.

ఆధునిక రచనలో 2015 సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఓల్గా ‘విముక్త’ ఈ ప్రశ్నను ఎరుకతో స్వీకరించింది. ‘సమాగమం’ కథలో శూర్పణఖ మాటల కన్నా ఆమె పెంచిన తోట ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. విరూపగా మిగిలిన స్త్రీ సౌందర్యంతో తన సంబంధాన్ని మొక్కల మధ్య తిరిగి కట్టుకోవడం పాఠకుడి అనుభవంలోకి వస్తుంది. సంభాషణ బోధగా మారిన చోట్ల ఆ పట్టు కొంత సడలుతుంది. ఒకే రచనలోని ఈ హెచ్చుతగ్గులు, ఆశయం ఒక్కటే పాత్రకు ప్రాణం పోయదని తెలుపుతున్నాయి.

ముగింపు

అనౌచిత్యం రసభంగానికి ప్రధాన కారణమని ఆనందవర్ధనుడు భావించాడు. ఆ దృష్టిలో ఔచిత్యం రసానికి వెలుపలి నియమం కాదు. స్త్రీ ప్రాతినిధ్యాన్నీ ఇలాగే చూడవచ్చు. అయితే ప్రాచీనుల ఔచిత్యం నాయికను కొన్ని మూసలకు పరిమితం చేసింది కనుక, ఆ భావనను యథాతథంగా స్వీకరించలేము. స్త్రీ పాత్రకు కథలో కోరిక, పొరపాటు, నవ్వు ఎంత మేరకు దక్కాయన్నది ఈనాటి ఔచిత్య ప్రశ్న కావాలి. రచయిత్రి తాను అనుభవించే ఆనందంలో తన స్త్రీ పాత్రకూ వాటా ఇచ్చినప్పుడు, ప్రాతినిధ్యం ఆ ఆనందానికి అడ్డు కాదు. ఆ వాటా దక్కని కథలో స్త్రీ పాత్రలు ఎందరున్నా లోటు తీరదు.