పాఠశాలలో తుపాకి: ఒక చిత్రము వేసిన ప్రశ్న

ఘోరమేదైన జరిగినప్పుడు దానికి ఒకే కారణము చూపి ఊరట చెందుట మానవ సహజము. ఆ ఊరటను అనుమానించుట శాస్త్రము పని. అమెరికా దర్శకుడు మైకేల్ మూర్ 2002లో విడుదల చేసిన ‘బౌలింగ్ ఫర్ కొలంబైన్’ అను డాక్యుమెంటరీ చిత్రమున ఈ రెండును కనబడును. దీనికి 2003లో ఆస్కార్ బహుమతి లభించినది.

1999 ఏప్రిల్ 20వ తేదీన కొలరాడో రాష్ట్రమందలి కొలంబైన్ ఉన్నత పాఠశాలలో ఇద్దరు విద్యార్థులు పన్నెండుగురు తోటి విద్యార్థులను, ఒక ఉపాధ్యాయుని కాల్చి చంపి, తామును కాల్చుకొని మరణించిరి. వెంటనే కొందరు సంగీతమును, కొందరు సినిమాలను, కొందరు వీడియో ఆటలను నిందించిరి. అప్పుడు మూర్ వ్యంగ్యముగా ఒక ప్రశ్న వేసినాడు. ఆ ఉదయము వారు బంతి దొర్లించి కొయ్యలను పడగొట్టు బౌలింగ్ ఆట ఆడిరి గదా, ఆ ఆటను ఏల నిందింపరాదు? ముందు జరిగినదెల్ల వెనుక జరిగినదానికి కారణము కాదని బోధించుటకు ఇది చక్కని ఉదాహరణము. విడ్డూరమేమనగా, ఆ ఉదయము వారు ఆటకు రానేలేదని పోలీసు విచారణలో తేలినది. తర్కము సరియైనదే గాని ఆధారము సరికాదు.

చిత్రమునకు ఆయువుపట్టు కెనడాతో పోలిక. అచ్చటను తుపాకులు మెండు, చూచునవి అవే సినిమాలు, అయినను తుపాకి హత్యలు బహు తక్కువ. కావున అమెరికా వార్తాప్రసారములు నూరిపోయు భయమే మూలమని మూర్ సూచించును. ప్రయోగశాలలో రెండు పరీక్షనాళికలను పోల్చునపుడు ఒక్క అంశము తప్ప తక్కినవన్నియు సమానముగా ఉండవలెనని మనము నేర్పుదుము. 2017 నాటి స్మాల్ ఆర్మ్స్ సర్వే అంచనా ప్రకారము నూరుమందికి అమెరికాలో సుమారు 120 తుపాకులు, కెనడాలో సుమారు 35. కెనడాలో చేతి తుపాకుల నమోదు 1934 నుండియు కలదు. ఏ తుపాకికైనను అనుమతిపత్రము కావలెను. ఈ నాళికలు సమానములు కావు.

కోపము ఎచ్చట పుట్టినదనునది ఒక ప్రశ్న. అది మరణముగా ఎట్లు మారినదనునది వేరొక ప్రశ్న. చిత్రము ఈ రెండింటిని కలిపివేసినది. కొలంబైన్ బాలురకు తుపాకి కొను వయస్సు లేకుండెను. పదునెనిమిదేండ్లు నిండిన స్నేహితురాలు 1998లో తుపాకుల ప్రదర్శనమున మూడింటిని వారికై కొనినది. ఆమె పూర్వచరిత్రను ఎవరును విచారింపలేదు. 2000లో కొలరాడో ఓటర్లు అట్టి అమ్మకములకు విచారణను తప్పనిసరి చేసిరి. భయము తగ్గించుట తరములు పట్టును; ఈ ద్వారము మూయుటకు ఒక్క ఎన్నిక చాలినది.

1974 నుండి 2000 వరకు అమెరికా పాఠశాలలలో జరిగిన 37 దాడులను, 41 మంది దాడిదారులను పరిశీలించి ఆ దేశపు సీక్రెట్ సర్వీసు, విద్యాశాఖ 2002లో నివేదిక ప్రకటించినవి. వారిలో సుమారు మూడింట రెండు వంతులకు తుపాకి దొరికినది స్వగృహముననో బంధువుల యింటనో. హింసాత్మక వీడియో ఆటలపై మక్కువ కనబడినది ఎనిమిదింట ఒక వంతునకే. నూటికి డెబ్బదిమందికి పైగా తోటివారిచే వేధింపబడినవారు. అయితే వేధింపునకు గురియైన పిల్లలు లక్షలు, తుపాకి పట్టినవారు వేళ్లపై లెక్కింపదగినవారు. కావున అదియును తనంత తాను చాలిన కారణము కాదు. దాడిచేయు విద్యార్థి ఇట్లే ఉండునని చెప్పదగిన నమూనా ఏదియు లేదని కూడ నివేదిక తేల్చినది.

ఉపాధ్యాయులు గమనింపదగిన అంశము మరియొకటి అందు కలదు. అయిదింట నాలుగు దాడుల సంగతి ముందుగనే మరియొకరికి తెలియును. వారు చాలవరకు తోటి విద్యార్థులే. పెద్దలకు మాత్రము ఆ మాట అరుదుగనే చేరినది.

మూర్ చిత్రము మంచి ప్రశ్న వేసినది గనుక చూడదగినదే. పై తరగతుల విద్యార్థులకు చూపువారు ఈ అంకెలను నల్లబల్లపై వ్రాసి, కోపమునకు కారణము లొకప్రక్క, మరణమునకు దారు లొకప్రక్క వేరుచేయింపవలెను. పిదప, ఇట్టి మాట చెవినిబడిన పిల్లవాడు జంకులేక వచ్చి చెప్పదగిన పెద్దలు తమ పాఠశాలలో ఎవరున్నారో తమలో తాము విచారించుకొనవలెను.