రెండు చేతులూ ఖాళీగా ఉంటేనే

హన్మకొండలో నాకు సైగల భాష నేర్పుతున్న మిత్రుడికి పుట్టుకతోనే వినపడదు. పాఠం వీడియో కాల్‌లోనే. ఫోను చేత్తో పట్టుకుంటే ఒప్పుకోడు, స్టీలు డబ్బాకు ఆనించాల్సిందే. అమెరికా వాళ్లు అక్షరాలను ఒంటిచేత్తో చూపిస్తారు. మన భారతీయ సంజ్ఞా భాషలో, బ్రిటిష్ వాళ్ల పద్ధతిలాగే, రెండు చేతులూ కావాలి. పరకాల, నర్సంపేట అని ఒక్కో అక్షరం చూపాలంటే ఫోను పట్టుకునే చెయ్యేది?

కిటికీకి వీపు పెట్టి కూర్చున్నా ఊరుకోడు. వెలుతురు వెనక నుంచి వస్తే ముఖం నల్లబడుతుంది. ఈ భాషకు సగం వ్యాకరణం ముఖంలోనే ఉంది. అవునా కాదా అని అడిగేటప్పుడు కనుబొమలు లేపితేనే అది ప్రశ్న. 'ఎక్కడ', 'ఎందుకు' లాంటివి వాక్యం చివర్న వస్తాయి. అక్కడికి చేరేలోపు సిగ్నల్ పోయి బొమ్మ ఆగిందా, ప్రశ్న గాల్లోనే ఉండిపోతుంది. మామూలు కాల్‌లో బొమ్మ ఆగినా గొంతు వినబడితే చాలు. ఇక్కడ బొమ్మే గొంతు.

ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం మంచి పని చేసింది. 2018లో 3,000 పదాలతో తెచ్చిన వీడియో నిఘంటువును 2021కల్లా 10,000 పదాలు చేసింది. 2022లో సైన్ లెర్న్ యాప్ తెచ్చింది. నేనూ వాడుతుంటాను. పదం చూపిస్తుంది, బాగానే ఉంటుంది. నా మణికట్టు తప్పు తిరిగితే మాత్రం దానికి తెలియదు. మిత్రుడైతే వెంటనే తల అడ్డంగా ఊపుతాడు.

2024 డిసెంబరులో పీఎం ఈ-విద్య 31వ ఛానల్ ఈ భాష కోసమే మొదలైంది. పిల్లలకు పాఠం ఇంటికే వచ్చింది, సంతోషం. కానీ బధిర పిల్లల్లో ఎక్కువమంది పుట్టేది వినికిడి ఉన్న ఇళ్లలో. అన్నం తిన్నావా, కడుపు నొస్తుందా అని అడగాల్సిన అమ్మకు ఎవరు నేర్పుతారు? ఛానల్ చూసి కొన్ని పదాలు పట్టుకోవచ్చు, ఎదురు మాట్లాడేవాళ్లు లేకుండా భాష రాదు.

అందుకే ప్రతి బధిరుల పాఠశాలా తల్లిదండ్రులకు సాయంత్రం ఒక గంట వీడియో పాఠం పెట్టాలంటాను, నేర్పేది బధిరులే కావాలంటాను. జీతం ఇచ్చి మరీ. సేవ పేరుతో ఉత్తపుణ్యానికి చేయించుకోవడం మనకు బాగా అలవాటు. ఇదంతా మిత్రుడికి వచ్చీరాని సైగలతో చెప్పాను. ఓపిగ్గా చూసి, కనుబొమలు ముడిచి, ఆ తల్లుల ఫోన్లకు రీఛార్జి చేయించేది ఎవరని అడిగాడు.