స్తంభము మీది మనిషి

2014 అక్టోబరు 12 నాడు హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటిన పిదప, మహావృక్షములతో పాటు విద్యుత్ స్తంభములును వేలకొలదిగా నేలకొరగి, నగరమున అనేక వీథులు దినముల తరబడి చీకటిలో మునిగియుండెను. మంచము పట్టిన తల్లి, నూతిలో నీరున్నను పైకి తోడలేని మోటారు, వేడికి చెడిపోవుచున్న మందులు. ఇన్నింటి నడుమ నేనొక 3 కేవీఏ పెట్రోలు జనరేటరును కొని తెచ్చితిని. దానిని ఇంటికి కలుపుటకు వచ్చిన పనివాడు, రెండు కొసలయందును ప్లగ్గులే గల తీగ నొకదానిని సిద్ధపరచి, ఒక కొసను యంత్రమునకును, రెండవదానిని వంటయింటి 16 ఆంపియర్ల సాకెట్టునకును తగిలించి, “మెయిన్ ఆపి ఉంచండి, అంతే చాలు” అని చెప్పి వెడలిపోయెను. దీపము వెలిగెను, పంకా తిరిగెను, ఆ రాత్రి మా అమ్మ సుఖముగా నిద్రించినది. ఆ వెలుగు మరియొకరి ప్రాణమునకు ఎసరు పెట్టగలదని మరునాటి ఉదయము వరకు నాకు తోచలేదు.

మరమ్మతులకై గోదావరి జిల్లాల నుండి వచ్చిన లైన్‌మన్ ఒకరు, మా వీథి మలుపున స్తంభమెక్కబోవుచు, జనరేటరు చప్పుడు విని ఆగి, మా గుమ్మము ముందునకు వచ్చి, “ఏమండీ, మెయిన్ ఆపేరాండీ?” అని అడిగిరి. ఆపితినని దృఢముగా చెప్పి, చూపుటకై మీటరు వద్దకు తోడ్కొనిపోతిని. మెయిన్ వేసియుండెను! కరెంటు వచ్చినదేమో చూతమని మా ఇంటి పిల్లవాడు కొద్ది నిమిషముల క్రితమే దానిని వేసి, తిరిగి ఆపుట మరచెను. ఇరుగుపొరుగు ఇండ్ల సర్వీసు వైర్లు అంతకుముందే తెగిపడియుండుటచేత, యంత్రము భారముతో మూల్గనైన లేదు. మాకు సూచన యేదియు అందలేదు. ఆయన కోపింపలేదు. “పై నుంచి రాకుండా లైను ఏబీ స్విచ్ దించి, లైన్ క్లియర్ తీసుకునే ఎక్కుతామండీ. మీ ఇంట్లోంచి వస్తే మాకెవరు చెప్తారండీ?” అని మాత్రమనిరి.

ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయెను. ట్రాన్స్‌ఫార్మరు అనునది ఒకవైపునకే తెరచుకొను ద్వారము కాదు. 11,000 వోల్టులను మన ఇండ్లకు తగిన 230 వోల్టులుగా దించు ఆ యంత్రమే, క్రిందినుండి 230 వోల్టులు ప్రవేశించినచో, అదే నిష్పత్తిని తలక్రిందుగా పాటించి, పైతీగలలో వేలకొలది వోల్టులను పుట్టింపగలదు. చిన్న యంత్రము వీథి యంతటి భారమును మోయలేక తానే ఆగిపోవును గదా యని కొందరు ధైర్యము చెప్పుకొందురు. ఫ్యూజులు ఎగిరి, తీగలు తెగి, మోయవలసిన భారమే మిగులని తుపాను మరునాడు ఆ ధైర్యమునకు ఆధారము లేదు. పైతీగ వరకు పోనేల? స్తంభము మీది మనిషి చేతికి 230 వోల్టులే చాలును.

ఆ వారముననే, అనుజ్ఞ గల ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, మీటరునకును డిస్ట్రిబ్యూషన్ బోర్డునకును నడుమ చేంజోవర్ స్విచ్ పెట్టించితిని. దాని పిడికి మూడు స్థానములు: ఒక ప్రక్క వీథి కరెంటు, మరియొక ప్రక్క జనరేటరు, నడుమ సున్న. ఒకదానిని పూర్తిగా విడువనిదే రెండవదానిని పట్టుకొనుట ఆ పిడికి సాధ్యము కాదు. ఇందులో విశేషమంతయు ఈ అసాధ్యతయందే యున్నది. రెండు తలల తీగతో మా ఇంటి క్షేమము, ఊరి క్షేమము, ఒక పిల్లవాని జ్ఞాపకము మీద ఆధారపడియుండెను. ఇప్పుడు ఎవరు మరచినను, ఎవరు తొందరపడినను, చీకటిలో ఎవరి చేయి తప్పినను, మా ఇంటి విద్యుత్తు వీథిలోనికి పోజాలదు.

ఫేజును మాత్రము మార్చి, న్యూట్రలును కలిపియే యుంచు చవక పద్ధతి యొకటి కలదు, దానిని అంగీకరింపరాదు. న్యూట్రలు తీగయు మన గోడ దాటి స్తంభము వరకు పోవునదే గావున, సింగిల్ ఫేజ్ ఇంటికి రెండు పోళ్ల స్విచ్చును, త్రీ ఫేజ్ ఇంటికి నాలుగు పోళ్ల స్విచ్చును వాడి, అన్నింటిని ఒక్కసారిగా విడదీయవలెను. న్యూట్రలునకు ఒంటరిగా స్విచ్చు పెట్టరాదనియు, ఫేజుతో ఏకకాలమున కదలు జతస్విచ్చునే పెట్టవలెననియు 1956 నాటి భారత విద్యుత్ నియమములే శాసించినవి. ఇట్లు వీథి న్యూట్రలు విడిపోయినప్పుడు, జనరేటరు న్యూట్రలును దాని ఇనుప చట్రమును మంచి ఎర్తునకు చేర్చనియెడల, లోపము కలిగినను ఫ్యూజు ఎగురదు, ప్రాణరక్షకై పెట్టుకొన్న ఆర్‌సీసీబీయు పనిచేయకపోవచ్చును. కనుక ఎర్తు గుంటను తడిగా నుంచుట మా ఇంట తులసికి నీరు పోయుటవలె నిత్యకృత్యమైనది.

యంత్రపు శక్తికి మించి ఆశింపరాదు. 3 కేవీఏ యనగా 230 వోల్టుల వద్ద 13 ఆంపియర్లు. మోటారు బయలుదేరునప్పుడు నడకలోకంటె ఐదారు రెట్లు కరెంటు లాగును. అందుచేత మొదట పిడిని సున్నకు తెచ్చి, యంత్రమును నడిపించి, అది నిలకడ చెందిన పిదప జనరేటరు వైపునకు త్రిప్పి, ఒక్కొక్క పరికరమును వరుసగా వేయవలెను. వీథి కరెంటు తిరిగి వచ్చినప్పుడు, పరికరములను ఆపి, సున్న మీదుగా వీథి కరెంటు వైపునకు మార్చి, యంత్రమును కొంతసేపు భారము లేకుండ తిరుగనిచ్చి ఆపవలెను. చల్లారిన పిదపనే పెట్రోలు పోయవలెను. వానకు జడిసి యంత్రమును వరండాలోనికిగాని, మెట్ల క్రిందికిగాని తెచ్చుట మహాపరాధము: దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు వర్ణము గాని వాసన గాని లేక, నిద్రించువారిని నిద్రలోనే గొనిపోవును. కిటికీలకు దూరముగ, ఆరుబయట, పైన రేకు మాత్రము గల చోటు దానికి తగినది.

చేంజోవర్ స్విచ్చును మన ఇంటి సౌకర్యములలో ఒకటిగా ఎంచుచుందుము. మా అమ్మ పంకాకు అది అవసరము కాలేదు. రెండు తలల తీగతోనే అది తిరిగినది. ఆ స్విచ్చు ఉన్నది మన పేరైనను ఎరుగక, మనకు వెలుగు తెచ్చుటకై తడి స్తంభమెక్కు మనిషి కొరకు. అతని ఇంటియందును ఒక తల్లి ఎదురుచూచుచుండును. మన తీరమునకు అక్టోబరు, నవంబరు మాసములు తుపానుల కాలము. మీ ఇంట రెండు కొసలయందును ప్లగ్గులు గల తీగ యున్నచో, ఆ మాసములు రాకమునుపే, ఇంకెవరికిని పనికిరాకుండ, దానిని నడుమకు కోసివేయుడు.