కొట్టు సర్వర్, దస్తావేజు సర్వర్

సర్వర్ అంటే ఏమిటో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దాన్ని కళ్లతో చూసినవాళ్లు తక్కువే గానీ, అది పడిపోయిందన్న మాట విననివాళ్లు లేరు. కొన్నేళ్ల కిందట సెలవుకి వెళ్లినప్పుడు మా బంధువుల ఇంటిస్థలం రిజిస్ట్రేషన్‌కి నేనూ ఒక సాక్షిని. స్లాట్ పదకొండింటికి. చలానా కట్టారు. దస్తావేజు లేఖరి కాగితాలన్నీ వరసపెట్టి, ట్యాగు కట్టి చేతికిచ్చాడు. అమ్మేవాళ్లు పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. వేలిముద్రల దాకా వచ్చేసరికి లోపల్నుంచి కబురు: సర్వర్ డౌన్. నాలుగింటి దాకా వేపచెట్టు కింద కూర్చుని లేచాం. అమ్మే పెద్దాయన నన్నొక మాట అడిగాడు. "కరెంటుందిగా, ఫ్యాను తిరుగుతోందిగా, సారు కూర్చునే ఉన్నారుగా. మరి పడిపోయిందేంటి బాబూ?" కంప్యూటర్ల మీదే బతుకుతున్న నేను ఆయనకు సరైన జవాబు చెప్పలేకపోయాను.

నేనుండేది బెంటన్‌విల్‌లో. ఆర్కన్సా రాష్ట్రానికి వాయవ్య మూలన ఉన్న చిన్న ఊరు, వాల్‌మార్ట్‌కి పుట్టిల్లు లాంటిది. చౌరస్తాలో సామ్ వాల్టన్ 1950లో కొని నడిపిన అంగడి ఇప్పుడు మ్యూజియం. ఆయన తిరిగిన పాత ఫోర్డ్ పికప్ కూడా అందులోనే పెట్టారు. ఈ ఊరి కొట్లలో నెట్ పోయిన రోజులు ఉన్నాయి. అప్పుడు కొంచెం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి నగదే ఇమ్మంటారు. అంతేగానీ పాలడబ్బా చేతిలో పెట్టుకున్నవాణ్ణి రేపు రమ్మన్నవాళ్లు నాకింతవరకు తగల్లేదు. ఇది చూసి అక్కడిది చేతకాని సర్వర్, ఇక్కడిది చేతనైన సర్వర్ అనుకోవడం తేలిక. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

కొంచెం వెనక్కి వెళ్తే ఈ రెండింటికీ చుట్టరికం కనిపిస్తుంది. పెద్ద నగరాల జోలికి పోకుండా చిన్న ఊళ్లలో కొట్లు పెట్టడం వాల్టన్ పద్ధతి. మొదటి వాల్‌మార్ట్ 1962లో తెరిచింది కూడా పక్క ఊరు రోజర్స్‌లోనే. కొట్లు వందల్లోకి వచ్చేసరికి వాటి లెక్క రోజూ బెంటన్‌విల్‌కి చేరడం సమస్యయింది. అప్పటి ఫోన్ లైన్ల సత్తా అంతంత మాత్రం. దాంతో కంపెనీ ఆకాశం దారి పట్టింది. 1987లో అది పూర్తిచేసిన ఉపగ్రహ వ్యవస్థ ఆనాటికి అమెరికాలో ప్రైవేటు రంగంలో అన్నిటికన్నా పెద్దది. మాట, లెక్క, బొమ్మ మూడూ అందులోనే. ఇంచుమించు అవే ఏళ్లలో మన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ కూడా జిల్లా కేంద్రాల్లో డిష్‌లు పెట్టి, నిక్‌నెట్ పేరుతో వాటిని ఢిల్లీకి కలుపుతోంది. ఒకరిని చూసి ఒకరు చేసింది కాదు. కిరాణా లెక్క చూసుకునే షావుకారుకీ, కలెక్టరేట్ లెక్కలు అడిగే సర్కారుకీ ఒకే ఇబ్బంది వచ్చింది, ఒకే ఉపాయం తట్టింది.

ఉపగ్రహంతో ఒక చిక్కుంది. అది భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ప్రశ్న పైకెళ్లి కిందికి రావడానికి పావు సెకను, జవాబుకి మరో పావు సెకను. నలభై వస్తువుల బుట్టకి ఒక్కోదాని ధర బెంటన్‌విల్‌ని అడిగి తెచ్చుకుంటే ఇరవై సెకన్లు ఉత్త నిరీక్షణే. పైగా గాలివాన పట్టిందంటే ఆ దారీ మూసుకుపోతుంది. అందుకే ధరల పట్టిక కొట్టు వెనక గదిలోని కంప్యూటర్‌లోనే ఉండాలి. అమ్మకం అక్కడికక్కడే తెగిపోవాలి, లెక్క మాత్రం తర్వాత కేంద్రానికి చేరాలి. కొట్టు సర్వర్ సెటప్‌లో మొదటి సూత్రం ఇదే. మన పల్లెల్లో కిరాణా కొట్టు నడిపినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. పట్నంలో హోల్‌సేల్ షావుకారు నిద్రపోతున్నా ఊళ్లో బెల్లం అమ్మకం ఆగదు కదా.

రిజిస్ట్రేషన్ ఆఫీసు కథ ఆ ఉపగ్రహ వ్యవస్థ వచ్చిన పదకొండేళ్ల తర్వాత మొదలైంది. 1998 నవంబర్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 214 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో రిజిస్ట్రేషన్ పనిని కంప్యూటర్‌కి ఎక్కించే 'కార్డ్' ప్రాజెక్టు ప్రారంభమైంది. దాన్ని నడిపిన ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ. తర్వాతి కాలంలో ఆధార్ సంస్థకి చైర్మన్ అయింది కూడా ఆయనే. ఆధార్ అన్న పేరు గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ పని పడుతుంది. అప్పటిదాకా దస్తావేజుని చేత్తో నకలు రాసి పుస్తకానికి ఎక్కించేవారు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కావాలంటే గుమాస్తా ఇండెక్స్ పుస్తకాలు ఏడాది తరవాత ఏడాది తిరగేయాల్సిందే. 1983 నుంచి ఉన్న ఇండెక్సులు కంప్యూటర్‌కి ఎక్కాక ఈసీ నిమిషాల పనయింది. అంతకు ముందుది కావాలంటే ఇప్పటికీ దుమ్ము దులపక తప్పదు.

ఇక్కడొక సంగతి చాలామంది మర్చిపోయారు. కార్డ్ తొలి రోజుల్లో సర్వర్ ఎక్కడో హైదరాబాద్‌లో లేదు, అదే ఆఫీసులో ఒక గదిలో ఉండేది. దానికి కొన్ని కంప్యూటర్లు వైరుతో కలిపి ఉండేవి. అంటే కట్టుబడిలో బెంటన్‌విల్ కొట్టుకీ, మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకీ తేడాయే లేదు. వెనక గదిలో పెట్టె, ముందు కౌంటర్లు. కానీ ఆ పెట్టె నుంచి రెండుచోట్లా కోరుకున్నది మాత్రం వేరు.

ఆ తేడా మా ఇంట్లోనే నాకు అర్థమైంది. పిల్లల ఫొటోలు, ఇండియాలో నాన్న పంపిన పాత కాగితాల స్కాన్లు దాచుకోవడానికి ఒక పాత డెస్క్‌టాప్‌ని సర్వర్‌గా మార్చి గ్యారేజీలో పెట్టాను. సర్వర్‌కి ముందు కావాల్సింది కదలని చిరునామా. మామూలు కంప్యూటర్‌కి రూటర్ ఎప్పుడు ఏ నంబర్ ఇచ్చినా చెల్లుతుంది, సర్వర్ మాత్రం ఇల్లు మారుతూ ఉండకూడదు. తర్వాత పేరు. ఆ తర్వాత తలుపులు. ఉన్న 65,535 పోర్టుల్లో రెండు తెరిచి మిగతావన్నీ ఫైర్‌వాల్‌తో మూశాను. యూపీఎస్ పెట్టాను. బ్యాకప్ ఇంకో డిస్కుకి పోయేలా చేశాను. అన్నీ సరిగ్గా చేశాననే అనుకున్నాను.

2024 మే 26న బెంటన్ కౌంటీని టోర్నడోలు కొట్టాయి. మా వీధికి కరెంటు పోయింది, యూపీఎస్ కాసేపు మోసి వదిలేసింది. కరెంటు వచ్చాక సర్వర్ లేచింది గానీ ఫొటోలు తెరుచుకోవు. ఆ సర్వర్ మీదే తెరిచిన బ్రౌజర్ ప్రతిసారీ సర్టిఫికెట్ చెల్లదంటుంది. గంటన్నర కుస్తీ పట్టాక తెలిసింది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బటన్ సెల్ ఒకటి ఉంటుంది, అది ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు ఉన్నన్నాళ్లూ ఆ లోటు బయటపడలేదు. కరెంటు పోగానే గడియారం ఏళ్ల వెనక్కి వెళ్లి కూర్చుంది. ఆ పాత తేదీకి నా సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. నెట్ నుంచి సరైన టైము తెచ్చుకుందామంటే, రూటర్ కన్నా ముందే సర్వర్ లేచి, ఒకసారి అడిగి, జవాబు రాక ఊరుకుంది. వేసుకోవాల్సింది చవకైన సెల్ ఒకటి, మార్చాల్సింది సెటప్‌లో ఒక వరస.

ఈ గడియారం దగ్గరే కొట్టూ, దస్తావేజూ విడిపోతాయి. కొట్టు సర్వర్‌లో టైము పది నిమిషాలు అటూ ఇటూ అయితే బిల్లు మీద తప్పు టైము పడుతుంది, అంతే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 52 మాత్రం దస్తావేజు సమర్పించిన రోజు, గంట, స్థలం దాని మీద రాయాలంటుంది. సెక్షన్ 53 ప్రకారం పుస్తకంలో నంబర్లు వరసగా నడవాలి, ఏటా మళ్లీ ఒకటి నుంచి మొదలవ్వాలి. కొట్టులో బిల్లు నంబర్ ఒకటి ఎగిరిపోతే అడిగే నాథుడుండడు, రిజిస్టర్‌లో నంబర్ ఎగిరితే అది కోర్టు దాకా వెళ్లే ప్రశ్న. తెల్లదొరల నాటి ఆ చట్టం రాసినవాళ్లకి కంప్యూటర్ ఊహకైనా అందదు. అయినా సర్వర్‌కి కావాల్సిన సగం కాన్ఫిగరేషన్ వాళ్లే రాసిపెట్టారనిపిస్తుంది నాకు.

దీనికి పండితులు పెట్టిన లెక్క కూడా ఒకటుంది. ఎరిక్ బ్రూయర్ అనే ఆచార్యుడు 2000లో ఒక ప్రతిపాదన చేశాడు, రెండేళ్ల తర్వాత గిల్బర్ట్, లించ్ దాన్ని రుజువు చేశారు. సారం ఇది: ఒకే లెక్కని రెండుచోట్ల ఉంచి, వాటి మధ్య లైన్ తెగితే, రెండింట్లో ఒకటే దక్కుతుంది. రెండుచోట్లా పని సాగాలంటే లెక్కలు కాసేపు కలవవు. లెక్క తేడా రాకూడదంటే ఎవరో ఒకరు పని ఆపాలి. కొట్టు మొదటిది ఎంచుకుంటుంది. షెల్ఫులో పది పాలడబ్బాలు ఉన్నాయనుకుంటే తొమ్మిదే ఉన్నాయి, రేపు సరిచేసుకుంటారు. రిజిస్ట్రేషన్ రెండోది ఎంచుకోక తప్పదు. ఒకే స్థలం గుంటూరులో ఒకరికీ, అదే నిమిషంలో తెనాలిలో ఇంకొకరికీ రిజిస్టరయితే దాన్ని సరిచేయడానికి ఒక తరం పడుతుంది. కోర్టు వాయిదాలు ఎరిగిన తెలుగువాళ్లకి ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

వేపచెట్టు కింద ఆ పెద్దాయనకి నేను చెప్పాల్సిన జవాబు ఇదే. పెట్టె పాడైందో, లైన్ తెగిందో ఆ రోజు నాకు తెలియదు. కానీ లైన్ తెగినప్పుడు ఆ సర్వర్ చేతులు కట్టుకుని నిలబడటం దాని ధర్మం. అంతమాత్రాన ఒక పూటంతా లైన్ లేకపోవడాన్ని, రెండో లైన్ వేసుకోకపోవడాన్ని, బయట కూర్చున్నవాళ్లకి ఎంతసేపు పడుతుందో ఒక్క మాట చెప్పకపోవడాన్ని నేను వెనకేసుకురావడం లేదు. ఆగడం సర్వర్ ధర్మం కావచ్చు, మనుషుల్ని ఉత్తపుణ్యాన కూర్చోబెట్టమని బ్రూయర్ చెప్పలేదు.

ఈ పాతికేళ్లలో రెండు సంప్రదాయాలూ ఒకదాని ఇంటికి ఒకటి నడిచొచ్చాయి. ఒక ఆఫీసు పరిధిలోని ఆస్తిని ఇంకో ఆఫీసులోనూ రిజిస్టర్ చేసే ఎనీవేర్ రిజిస్ట్రేషన్ వచ్చాక మన ఆఫీసులో వెనక గది పెట్టెకి పెత్తనం పోయింది, లెక్కంతా కేంద్రానికి చేరింది. తెలంగాణలో 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చాక వ్యవసాయ భూమికి తహసీల్దారు ఆఫీసే రిజిస్ట్రేషన్ ఆఫీసయింది, దానికీ కేంద్ర సర్వరే ఆధారమయింది. బెంటన్‌విల్ కంపెనీ రాష్ట్రం సరిహద్దు దాటిన చోట, మిస్సోరీలోని జేన్ అనే చిన్న ఊళ్లో పెద్ద డేటా సెంటర్ కట్టుకుంది, క్లౌడ్‌కీ వెళ్లింది. అన్నీ అయ్యాక మళ్లీ వేల సంఖ్యలో చిన్న సర్వర్లు తెచ్చి కొట్లలోనే పెట్టింది. ఇప్పుడు దానికి ఎడ్జ్ కంప్యూటింగ్ అని కొత్త పేరు. పాత వెనక గదే, కాస్త సున్నం కొట్టారు.

ఈ రెండు దారులూ మన దగ్గర కలిసే చోటు ఒకటుంది, రేషన్ డిపో. అక్కడ జరిగేది కొట్టు పనే: బియ్యం తూచి సంచిలో పోయడం. అక్కడ పెట్టింది మాత్రం దస్తావేజు సర్వర్‌కి తమ్ముడు. ఈ-పాస్ మిషన్ మీద వేలు పెడితే అది ఆధార్‌ని అడిగి, అవునన్నాకే తూకం. సిగ్నల్ లేకపోతే మిషన్ పట్టుకుని డాబా ఎక్కే డీలర్ని నేను చూశాను. కింద మెట్ల దగ్గర సంచీ మడిచి పట్టుకుని ఒక ముసలావిడ నిలబడి ఉంది. బియ్యం బస్తాలు ఆమెకి నాలుగడుగుల దూరంలో ఉన్నాయి.

రెండు సర్వర్లనీ ఇష్టపడేవాడిగా ఇక్కడ మాత్రం నేను తీర్పు చెబుతాను. డిపో మిషన్ని బెంటన్‌విల్ పద్ధతిలో సెటప్ చేయాలి. ఆ డిపో కార్డుల జాబితా రాత్రికి రాత్రే మిషన్‌లోకి దిగాలి. లైన్ లేకపోతే నెలకి కార్డుకి ఒకసారి బియ్యం ఇచ్చేసి, లెక్క దాచి, లైన్ వచ్చాక పంపాలి. ఎవరైనా రెండు డిపోల్లో తీసుకున్నారని తేలితే వచ్చే నెల కోటాలో తగ్గించుకోవచ్చు. రెండుసార్లు అమ్మిన స్థలాన్ని వచ్చే నెల కోటాలో తగ్గించుకోలేం గనక, ఆ వేపచెట్టు కింద ఇంకో గంట కూర్చోవడానికి నాకభ్యంతరం లేదు.