డోలు ముందు, బూర వెనుక

దేవతను పిలుచు వాద్యమును కచేరీ వేదికపైకి తేవచ్చునా యను ప్రశ్న ఊత్తుకోట ప్రాంతపు తెలుగువారికి క్రొత్తది కాదు. జాతరలో పంబ మ్రోగిననే పూనకము వచ్చునని మన పెద్దల నమ్మకము. ఆ పంబనే సినిమా పాటలో విన్నప్పుడు కొందరికి ముచ్చట, కొందరికి మనఃక్లేశము. ఈ ప్రశ్ననే బ్రెజిలు దేశపు సంగీతజ్ఞులును ఎదుర్కొనిరి. జాజ్ సంగీతములోను, దాని ఇరుగుపొరుగునను వారు చెప్పిన మూడు సమాధానములను పరిశీలించుట మనకును ప్రయోజనకరమని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందు పూర్వకథ కొంత తెలియవలెను. ఆఫ్రికానుండి సుమారు 48 లక్షలమందిని బానిసలుగా తెచ్చి బ్రెజిలులో దింపిరి. అచ్చట బానిసత్వము రద్దయినది 1888లో. వారిలో యొరూబా మొదలగు జాతులవారు ఒరిషాలనబడు తమ దేవతలను విడువలేదు. ఆ ఆరాధనకు కాండోంబ్లే అని పేరు. అందు మూడు డోళ్లు ముఖ్యము: పెద్దది రుం, నడిమిది రుంపి, చిన్నది లే. ఇనుప గంట తాళము పట్టగా చిన్నడోళ్లు రెండును నిలుకడగా నడచును; పెద్దడోలు నర్తించువారితో మాటలాడును. నిత్యవ్యవహారభాష పోర్చుగీసుగా మారినను, పూజాగీతములలో యొరూబా పదములు నేటికిని నిలిచియున్నవి. భాషను డోలు కాపాడినదన్నచో అతిశయోక్తి కాదు.

మొదటి సమాధానము మొవాసీర్ సాంతోస్ 1965లో వెలువరించిన ‘కొయిజస్’. ఈ పేరునకు ‘వస్తువులు’ అని అర్థము. పది రచనలకును సంఖ్యలే గుర్తులు. ఆఫ్రికా లయ ఇందు బూరల స్వరరచనలోనికి ఇంకిపోయినది. భక్తి గలదు, కాని గుంభనగా నున్నది.

రెండవది 1966 నాటి ‘ఓస్ ఆఫ్రో-సంబాస్’. గిటారు విద్వాంసుడు బాడెన్ పవెల్, కవి వినీసియుస్ ది మొరాయిస్ కలిసి కూర్చినది. ఇది తిన్నగా జాజ్ కాదు గాని, జాజ్ వాద్యకారులకు చేరువైనది. షాంగో, యెమాంజా మున్నగు ఒరిషాల పేర్లు పాటల శీర్షికలయందే కనిపించును. పవెల్ వ్రేళ్లక్రింద గిటారు డోలువలె పలికిన ఘట్టములు మనోహరములు. కాని అచ్చట రాజ్యము గిటారుది, కవితది. డోలు కొలువు చేయును. పైగా బయీయా రాష్ట్రములో కాండోంబ్లే మందిరములు పోలీసులయొద్ద నమోదు కావలెనను నిర్బంధము 1976 వరకు నుండెను. పాటను మెచ్చిన సమాజమే పాటకు పుట్టినిల్లయిన పూజను శంకించుచుండెనన్నమాట. ఈ దోషము కళాకారులది కాదు. అయినను విమర్శకుడు మరువరానిది.

మూడవది 2006లో సాల్వదోర్ నగరమున లెతియెరెస్ లెయిచి స్థాపించిన ‘ఒర్కెస్త్రా రుంపిలెజ్’. మూడు డోళ్ల పేర్లకు జాజ్ తుదియక్షరములు చేర్చిన పేరది. వియన్నాలో సంగీతము చదివివచ్చినవాడైనను, ఆయన బూరల స్వరములను డోళ్ల జతులనుండియే పుట్టించెను. వేదికపై డోళ్లవారు దొరలవలె ముస్తాబై ముందుందురు. బూరలవారు పొట్టిలాగులతో, మామూలు చెప్పులతో వారిని అనుసరింతురు. ఇది కేవలము వేషచమత్కారము కాదు. తరతరముల అంతస్తులను తారుమారు చేసిన తీర్పు.

ఒక కొరతయు గలదు. మందిరములో పెద్దడోలునకు ఎదుట నర్తించువారుందురు. కచేరీలో ఆ స్థానము శూన్యము. దానిని నింపబోయి బూరలు ఒక్కొక్కచోట మూకుమ్మడిగా మ్రోగి డోలు మాటనే కప్పివేయును. అయినను పూనకమును ప్రదర్శనవస్తువుగా చేయకపోవుట లెయిచి వివేకము. 2021లో ఆయన కీర్తిశేషుడైన పిదప, ‘కొయిజస్’ రచనలను ఆ బృందము తమ డోళ్లపై పలికించిన రికార్డు 2022లో వెలువడినది. మొదటి సమాధానము మూడవదానిలో పరిపూర్తి పొందినది.

కావున మా అభిప్రాయమిది: దేవతావాద్యమును వేదికపైకి తేవచ్చును, అది యజమానిగా రావలెను గాని అలంకారముగా కాదు. సభలలో పంబవాని పాలికి వచ్చునది రెండు నిమిషముల సందడి. ఆహ్వానపత్రికలో ఆతని పేరు అరుదు. మన పిల్లలు తమిళమున, ఆంగ్లమున చదువుకొనుచున్నారు. వారికి అమ్మవారి కథను తెలుగున పాడి వినిపింపగల పంబవారిని వేదిక నడుమ నిలిపి, వయొలినును హార్మోనియమును వారి జతి ననుసరింపుమందము. త్యాగరాజస్వామి కీర్తనలవలన తమిళదేశపు కచేరీలో తెలుగు నిలిచినది. పంబవలన జాతరలో నిలిచినది. మొదటిదానికి చేయుచున్న మర్యాద రెండవదానికిని చేయుట మన విధి.